చైన్ సెట్టు దేశభక్తి

దసరా దగ్గర పడగానే ఫోన్లలో ఆన్‌లైన్ ఆఫర్లు మొదలవుతాయి. అదే వారంలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బజార్లలో ఉపదేశాలు మొదలవుతాయి. మన ఊరి పైసలు మన ఊళ్లోనే తిరగాలి, మా దుకాణం మూతపడితే రేపు నీ బండి ఆగినప్పుడు అమెరికా కంపెనీ వచ్చి చూస్తుందా అని, బండి సామాన్ల దుకాణంలో గల్లా ముందు కూర్చున్న ప్రతి శేటూ చిన్న ప్రవచనం చెబుతాడు. ఈ ప్రవచనానికి పైనుంచి బలం కూడా ఉంది. 2020 మే 12న ప్రధాని జాతినుద్దేశించి మాట్లాడుతూ లోకల్ కోసం వోకల్ కమ్మన్నారు. 2024 ఆగస్టులో కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ ఇంకాస్త సూటిగా మాట్లాడారు. చిన్న దుకాణం బతికేదే ఎక్కువ మిగులు ఉన్న నాలుగు సరుకుల మీద, ఆన్‌లైన్ కంపెనీలు ఆ సరుకులనే తినేస్తున్నాయని అన్నారు. ఆన్‌లైన్‌కు మేం వ్యతిరేకం కాదని తర్వాత సర్దుకున్నారనుకోండి, అది వేరే సంగతి. ఇంతమంది పెద్దలు ఒక పక్కన నిలబడ్డాక, ఇంట్లో కూర్చుని ఫోన్లో చైన్ సెట్టు బుక్ చేసిన కుర్రాడి గతేమిటి? అతనిక దేశద్రోహానికి రెండడుగుల దూరంలో ఉన్నట్టే. కానీ మంత్రిగారి మాటలో ఒక నిజం ఉంది, శేటు ప్రవచనంలో అది కనిపించదు. గొడవంతా మిగులు గురించి. ఆ మిగులు ఎవరిదో, ఏ పనికి వస్తుందో చెప్పకుండా ఊరి మీద ప్రేమ అని పేరు పెట్టడమే ఈ వ్యవహారంలో అసలు కామెడీ.

ముందు ఆ చైన్ సెట్టు డబ్బా ఏ ఊరిదో చూద్దాం. రోలాన్ చైను కోయంబత్తూరు ఎల్.జి. బాలకృష్ణన్ కంపెనీది. టీవీఎస్ టైరు మదురైది. సైకిలైతే హీరో లుధియానాది, హెర్క్యులిస్ చెన్నైది. మరీ దగ్గరి చుట్టం కావాలంటే ఎంఆర్‌ఎఫ్ టైరు, దానికి సదాశివపేటలో ఫ్యాక్టరీ ఉంది. అదైనా గద్వాల చేరాలంటే కృష్ణ దాటాల్సిందే. శేటు తెప్పించే సరుకు సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి ట్రాన్స్‌పోర్టు లారీలో వస్తుంది, కుర్రాడు తెప్పించేది కొరియర్ వ్యానులో వస్తుంది. జడ్చర్ల దాకా రెండిటిదీ ఒకటే రోడ్డు. గద్వాలకు సొంతమని చెప్పుకోదగ్గ సరుకు ఒకటుంది, చీర. దానికి భౌగోళిక గుర్తింపు ఉంది. చైన్ సెట్టుకు లేదు, ఎంత ప్రేమగా అమ్మినా రాదు.

పైగా లోకల్ ఎవరన్నది కూడా అవసరాన్ని బట్టి మారుతుంది. ఆన్‌లైన్‌ను తిట్టేటప్పుడు బజారు బజారంతా లోకలే. పక్క దుకాణంవాడు పది రూపాయలు తగ్గించి అమ్మిన రోజు మాత్రం వాడి తాత ఏ రాష్ట్రం నుంచి వచ్చాడన్న ఆరా మొదలవుతుంది. 2025 ఆగస్టులో ఆమనగల్లు వ్యాపారులు 'మార్వాడీ గో బ్యాక్' అంటూ బంద్‌కు పిలుపునిచ్చారు. వెళ్లిపొమ్మన్నది మనుషులను. వాళ్లు ఏ టోకు బజారులో కొన్నారో తామూ అక్కడే కొన్న సరుకును మాత్రం ఎవరూ వెళ్లిపొమ్మనలేదు. తరాల తరబడి ఇక్కడే బతికిన మనిషి పరాయివాడై, మొన్న లారీ దిగిన డబ్బా మనదైపోయే లెక్క ఇది.

ఇక అసలు లెక్కకు వద్దాం. ఈ ఊళ్లలో బండి సామాన్లు అమ్మేది సాధారణంగా ఒకరు, బండి విప్పేది ఇంకొకరు. మెకానిక్ చీటీ రాస్తాడు, దగ్గరుండే పోరగాడు ఆటోమొబైల్ దుకాణానికి ఉరికి సామాను తెస్తాడు, బండి ఓనరు పైసలు కడతాడు. అందులో కొంత తిరిగి మెకానిక్ ఖాతాలో పడుతుంది. ఇది అందరికీ తెలుసు, ఏ బిల్లు మీదా కనిపించదు. చైన్ సెట్టు దుకాణంలో 1,200, ఫోన్లో 900 అనుకుందాం. ఆ 300 తేడాలో శేటు అద్దె ఉంది, కరెంటు ఉంది, రాని బాకీలు ఉన్నాయి, అమ్ముడుపోక అల్మారాలో ముక్కిపోయే పాత మోడల్ సామాను ఉంది, మెకానిక్ వాటా ఉంది. అందుకే మెకానిక్ గంట పని చేసి లేబర్ 100 ఇవ్వండి చాలంటాడు, మనమూ అది 80కి తెగ్గొట్టి బేరం కుదిరిందని మురిసిపోతాం. మిగతా కూలి డబ్బాలో దాక్కుని ఉంది కాబట్టి అతనికి ఆ 80 సరిపోతోంది. డబ్బా వేరే దారిన వచ్చిన రోజు ఆ కూలి మాయమవుతుంది. అప్పుడతను మొహం మాడ్చుకుని, "ఆన్‌లైన్ మాల్‌కు నాది గ్యారంటీ లేదన్నా" అంటాడు. చైను మీద కోపమేమీ లేదు పాపం. కూలి పోయిందని నోరు తెరిచి అడగలేక గ్యారంటీ మీద నెడుతున్నాడు. గుడ్డ ఎక్కడ కొన్నావని దర్జీ ఏనాడూ అలగడు, ఎందుకంటే కుట్టుకూలి గుడ్డ ధరలో కలిపి లేదు. గద్వాల చీర గద్వాలలోనే కొన్నా, ఫోన్లో కొన్నా, జాకెట్టు కూలి జాకెట్టు కూలే.

ఆ గంట పని ఏమిటో దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది. వెనక చక్రం ఊడదీయాలి. చైనుతో పాటు ముందు, వెనక స్ప్రాకెట్లు రెండూ మార్చాలి, అరిగిన పళ్ల మీద కొత్త చైను ఎక్కిస్తే అదీ త్వరగా అరుగుతుంది. చక్రం తిరిగి బిగించేటప్పుడు రెండు వైపులా అడ్జస్టర్ గీతలు సరిసమానంగా కూర్చోవాలి, లేకపోతే చక్రం వంకరగా నడుస్తుంది. చైను నడుమ వేలితో ఎత్తి చూస్తే రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి. అంతకన్నా బిగిస్తే బేరింగు మీద పడుతుంది, వదిలేస్తే పళ్ల మీంచి జారుతుంది. ఆఖరున లాక్ క్లిప్. గోరంత ఉంటుంది. దాని మూసి ఉన్న కొస చైను పరిగెత్తే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే ఇవాళ ఏమీ కాదు, రేపూ ఏమీ కాదు, ఒకనాడు వనపర్తి నుంచి పెబ్బేరు పోయే దారిలో, వెనక భార్యా బిడ్డా కూర్చుని ఉండగా ఊడుతుంది. ఆ కొస ఎటు ఉండాలో తెలిసిన వేళ్లు కోయంబత్తూరు నుంచి రావు, రాణిగంజ్‌లో టోకున దొరకవు. మన ఊరిదంటూ కాపాడుకోవలసింది ఏదైనా ఉంటే ఇదే. దీనికి మాత్రం ఏ దుకాణం గోడ మీదా ధర రాసి ఉండదు.

ఇంతటితో ఆన్‌లైన్ వీరుడు తప్పించుకున్నాననుకుంటే పొరపాటు. అతని వేషం శేటు వేషానికేమీ తీసిపోదు. రాత్రి పదకొండు దాకా మూడు యాప్‌లు తిరగేసి, కూపన్ కొట్టి, 40 రూపాయలు మిగిల్చిన విజయగర్వంతో నిద్రపోతాడు. నాలుగో రోజు డబ్బా పట్టుకుని చెట్టు కింది మెకానిక్ దగ్గరికి వచ్చి, "జర ఎక్కించు అన్నా, ఐదు నిమిషాల పనే కదా" అంటాడు. ఐదు నిమిషాల పనైతే ఇంటి ముందే చేసుకోవచ్చు, పానాలు కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. డబ్బా విప్పితే అది పాత బీఎస్ 4 బండికి సరిపోయే సామాను, కుర్రాడిదేమో 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 బండి. ఆ సంగతి కనిపెట్టేది మెకానిక్, అది కూడా ఉచితంగానే. పెట్టి చూసిన సామానుకు గ్రీజు అంటితే వాపసు తీసుకోరు, కాబట్టి దాన్ని పెట్టకముందే పోల్చుకుని చెప్పినందుకు 900 మిగిల్చినవాడికి కనీసం చాయ్ కూడా దక్కదు. మార్కెట్ అంటే పోటీ, చవకగా ఎవరిస్తే వాళ్ల దగ్గర కొంటాను అని వాదించే ఈ ఆర్థికవేత్తకు, ఎదుటివాడి గంట సమయం కూడా మార్కెట్లో ఉన్న సరుకేనన్న ముక్క మాత్రం తట్టదు.

శేటు పక్షాన బలమైన అభ్యంతరం ఒకటుంది. ఆన్‌లైన్‌లో నకిలీలు వస్తాయి, బ్రేక్ షూ నకిలీదైతే పోయేది ప్రాణమే. నిజమే, కాదనను. కానీ నకిలీ అనేది ఫోన్లో పుట్టి ఫోన్లో పెరిగిన జీవి కాదు. సామాను అడగగానే శేటు వేసే మొదటి ప్రశ్న ఏమిటి? "కంపెనీది ఇయ్యాల్నా, లోకల్‌ది ఇయ్యాల్నా?" ఒకే అల్మారాలో పై అరలో అసలుది, కింది అరలో దాని కవల. ఇక పట్టుకునే వీలు సంగతి. 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ వేదిక అమ్మినవాడి పేరు, చిరునామా, సరుకు ఏ దేశానిదో చూపించాలి. అన్నీ సక్రమంగా చూపిస్తున్నాయని నేననను. కానీ మన గల్లా దగ్గర దొరికేది సిగరెట్ పెట్టె వెనక వేసిన కూడిక. బిల్లు అడిగితే, "బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతది సార్" అంటాడు, అదేదో మనకు చేస్తున్న మేలన్నట్టు. ఆ జీఎస్టీ కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి బండి సామాన్ల మీద 28 శాతం నుంచి 18కి దిగింది. 100 అసలు ధర ఉన్న సామాను 128 నుంచి 118 కావాలి. ఆ పది రూపాయల మాట గల్లా దగ్గర వినిపించిందా? బిల్లే లేని చోట పన్ను తగ్గిందో పెరిగిందో ఎవరు చెప్పాలి. నకిలీ భయం చూపించి అమ్మదలచుకుంటే ముందు బిల్లు ఇచ్చి అమ్మాలి. బిల్లు ఉన్నవాడు వినియోగదారుల కమిషన్ మెట్లయినా ఎక్కగలడు.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది, విచిత్రంగా దాన్ని ప్రవచనంలో ఎవరూ ఎత్తరు. ఉద్దెర. గద్వాల చుట్టుపక్కల నడిగడ్డలో సీడ్ పత్తి వేసిన రైతుకు పైసలు వచ్చేది విత్తన కంపెనీ లెక్క తేల్చినప్పుడు, బండి ఆగేది మాత్రం దానిష్టం వచ్చినప్పుడు. అయిజ నుంచి పొద్దుగూకే వేళ క్లచ్ వైరు తెగి వచ్చిన మనిషికి, మొహం చూసి వైరు ఇచ్చి, నోటుబుక్కులో ఒక గీత గీసి పంపే యాప్ ఇంకా పుట్టలేదు. ఉన్న యాప్‌లు కంతులంటాయి, వడ్డీ అంటాయి, పాన్ కార్డు అంటాయి, తెల్లారేసరికి వైరు మాత్రం ఇవ్వలేవు. ఆ గంటలో ఆ వైరు అక్కడ ఉండటానికి శేటు ఏడాది పొడుగునా డబ్బు పెట్టి సరుకు పేర్చుకున్నాడు. దానికి ఖరీదు ఉంది, ఉండాలి కూడా. నా తగాదా అంతా ఆ ఖరీదును దాచి పెట్టడం మీద. నగదు ఇచ్చి కొన్నవాడూ, ఆరు నెలలకు ఇచ్చేవాడూ ఒకే రేటు కడుతున్నప్పుడు మొదటివాడు రెండోవాడి ఉద్దెరను మోస్తున్నట్టు లెక్క. మోయమంటే మోస్తాడేమో, చెబితే కదా. నగదు రేటు ఇది, ఉద్దెర రేటు ఇది అని రెండు అంకెలు రాస్తే ఫోన్ రేటుతో ఉన్న తేడాలో కొంత అక్కడికక్కడే కరిగిపోతుంది. కానీ రెండు అంకెలు రాయడం కన్నా దేశభక్తి చెప్పడం తేలిక.

లేబర్ రేట్ల బోర్డు పెడితే గిరాకీ పక్క షెడ్డుకు పోతుందని మెకానిక్‌లు భయపడతారు. చైన్ సెట్టు ఎక్కించడానికి 250, సామాను ఎక్కడ కొన్నా సరే, అని రాసిపెడితే ఎవరు వస్తారన్నా అంటారు. వచ్చేవాళ్లు ఇప్పటికే వస్తున్నారు, కాకపోతే కంపెనీ షోరూమ్‌కు. అక్కడ బిల్లులో లేబర్ చార్జీ వేరే గీతలో ఉంటుంది, దాని మీద 18 శాతం పన్ను ఇంకో గీతలో ఉంటుంది, వాటర్ వాష్ మరో గీతలో ఉంటుంది. ఏసీ గదిలో కుర్చీలో కూర్చుని మన మనిషి ఆ మూడు గీతలకూ కిమ్మనకుండా కార్డు గీస్తాడు. అదే మనిషి అచ్చంపేటలోనో కొల్లాపూర్‌లోనో రేకుల షెడ్డు కింద ఇరవై రూపాయలకు పావుగంట కొట్లాడతాడు. కూలి కట్టలేక కాదు ఇది. అచ్చయిన అంకెకు భయపడతాడు, నోటిమాట అంకెను బేరమాడతాడు, అంతే. షోరూమ్‌కు ఉన్నది ప్రింటరు, షెడ్డుకు లేనిది బోర్డు. మొదట్లో నలుగురు పక్క షెడ్డుకు పోతారు, నిజమే. అందుకే ఈ పని ఒక్కడి వల్ల కాదు, ఊళ్లో మెకానిక్‌లంతా కలిసి ఒకే రేటు రాయాలి. బంద్‌కు ఒక్క రోజులో ఏకమయ్యే సంఘాలకు ఒక బోర్డు మీద ఏకం కావడం అంత కష్టమా? శేటుకు కష్టమే. కూలి బయటపడితే డబ్బాలో మిగిలింది ఎంతో కూడా బయటపడుతుంది.

ఈ తగువు తేలేలోపు బండే మారిపోతోంది. కరెంటు స్కూటర్‌కు ఇంజన్ ఆయిల్ లేదు, ప్లగ్గు లేదు, క్లచ్ వైరు లేదు, చాలా వాటికి చైను కూడా లేదు. ఆగితే తెరవాల్సింది సాఫ్ట్‌వేర్, దాని తాళం కంపెనీ దగ్గర. రిపేరు వివరాలూ విడిభాగాల సమాచారమూ కంపెనీలు జనానికి అందుబాటులో పెట్టాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. వాహనాలు కూడా అందులో ఉన్నాయి. ఊరి మెకానిక్ బతుకు నిజంగా ఆధారపడిన గొడవ అది, ఆ మాన్యువల్ కోసం, ఆ సాఫ్ట్‌వేర్ కోసం పట్టుబట్టడం. ప్రవచనాల్లో దాని ఊసు రాదు, అందులో అల్మారాలో పేర్చి అమ్మేది ఏమీ లేదు మరి. చెట్టు కింద పనిచేసేవాళ్లకు అంత చదువెక్కడిదని కొట్టిపారేసేవాళ్లు ఒక్కసారి వెనక్కి చూడాలి. బీఎస్ 6తో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చినప్పుడూ ఇదే మాట అన్నారు. యూట్యూబ్ చూసి, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుని, చేతిలో స్కానరు పట్టుకుని కోడ్ చదివి సెన్సారు మార్చే మెకానిక్‌లు ఇవాళ మండల కేంద్రాల్లోనూ ఉన్నారు. ఆ స్కానరు ఎక్కడ కొన్నారో మాత్రం శేటు ముందు అడక్కండి.