బానెట్టు కింద అంట్లు

ఇంగ్లండులో ఒక రకం పెద్దమనిషి ఉంటాడు. వయసు యాభై దాటి ఉంటుంది, ఇంటి పక్కన షెడ్డు ఉంటుంది, షెడ్డులో అరవై ఏళ్ళనాటి జాగ్వార్ ఉంటుంది. ఆదివారం పొద్దున లోపలికి వెళ్ళినవాడు పొద్దు గూకాక బొగ్గుల కొట్లోంచి వచ్చినట్టు ముఖమంతా మసి చేసుకుని బయటికొస్తాడు. చేతిలో మాత్రం ఇంజను మీది మూత ఒకటి తళతళలాడుతూ ఉంటుంది. పొద్దుట్నించీ ఏం చేశావయ్యా అంటే "రెస్టొరేషన్" అంటాడు. అతను చేసింది అంట్లు తోమడమని నా వాదన. హాస్యానికి అంటున్నానని కొట్టిపారేయకండి. పదార్థం అదే, సరంజామా అదే, పని సాగే వరసా అదే. మెరుపు నిలిచే కాలం కూడా ఇంచుమించు అంతే. కాకపోతే ఇదే పని వంటింటి సింకు దగ్గర చెయ్యమంటే అతనికి నడుం పట్టేస్తుంది.

ముందు పదార్థం సంగతి చూద్దాం. ఆ మూత అల్యూమినియంది. మన పల్లెల్లో సత్తు గిన్నె, సిల్వరు తపేలా అని పిలిచేది దాన్నే. ఒకప్పుడు దీని వైభవమే వేరు. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొసన పెట్టింది వంద ఔన్సుల అల్యూమినియం దిమ్మ. అప్పట్లో దాని ధర వెండితో తూగేది. రెండేళ్ళు తిరిగేసరికి, 1886లో, కరెంటుతో దాన్ని చవగ్గా తీసే పద్ధతి దొరికింది. ఆ తర్వాత గంజి వార్చుకునే గిన్నె దాకా దిగొచ్చేసింది. అలా దిగిన లోహాన్ని మళ్ళీ సింహాసనం ఎక్కించిన ఘనత కొంతవరకు జాగ్వార్ యజమాని విలియం లయన్స్‌ది. యుద్ధకాలంలో కోవెంట్రీ ఫ్యాక్టరీ మీద బాంబులు పడితే మంటలార్పడానికి రాత్రిళ్ళు కాపలా కాస్తూ, ఆయనా ఆయన ఇంజినీర్లూ కొత్త ఇంజను గురించి ముచ్చటించుకున్నారు. బాగా పరిగెత్తితే చాలదు, చూడ్డానికీ బాగుండాలని లయన్స్ పట్టుబట్టాడు. 1948లో లండన్ మోటార్ షోలో ఎక్స్‌కె 120 కారుతో ఆ ఇంజను బయటికొచ్చింది. ఆరు సిలిండర్లు, 3.4 లీటర్లు, తలమీద రెండు క్యామ్‌షాఫ్టులు, వాటి మీద అద్దంలా మెరిసే రెండు పొడుగాటి అల్యూమినియం మూతలు. మన పెద్దమనిషి జబ్బుకి మూలం ఆ రెండు మూతలే.

ఇక పని వరస. సబ్బు కలిపిన వేణ్ణీళ్ళతో ముందు జిడ్డు వదిలించాలి. తర్వాత 240 నంబరు వాటర్ పేపరుతో ఒకే దిక్కుకి రుద్దాలి. ఆపైన 400 నంబరుతో దానికి అడ్డంగా, పాత గీతలన్నీ మాయమయ్యేదాకా రుద్దాలి. తర్వాత 600, 800, 1200, 2000. ఒక్క మెట్టు దాటేసినా చివర్లో ఆ గీత బయటపడి వెక్కిరిస్తుంది; అప్పుడు మళ్ళీ మొదటికి. కాగితాలయ్యాక బఫింగ్ చక్రం. మొదటి చక్రం చాలాసార్లు సిసల్‌ది, అంటే మన కిత్తనార లాంటి పీచు. ఆ తర్వాతది నూలుగుడ్డది. రెంటికీ గోధుమ రంగు, తెల్ల రంగు సబ్బు దిమ్మలు రాస్తారు. వాటిని సబ్బులనే పిలుస్తారు. సబ్బు, పీచు, గుడ్డ! మన పెరటి గట్టు మీద లేనిదేదైనా ఇందులో ఉందా? ఆఖర్న అంటుకున్న నల్లటి మడ్డి పోవడానికి కొందరు వంటింట్లోంచి పిండి తెచ్చి చల్లుతారు. మన అమ్మమ్మలు బూడిద చల్లేవారు. ఇంకొందరు ఘటికులు, ఇల్లాలు ఊళ్ళో లేని రోజు చూసుకుని, ఏకంగా గిన్నెలు తోమే యంత్రంలోనే మూత పడేస్తారు. ఆ యంత్రంలో వాడే పొడికి క్షారగుణం ఎక్కువ, అల్యూమినియానికి అది పడదు. అద్దంలా రావలసింది మాడిన మూకుడులా వస్తుంది. ఎటొచ్చీ నా వాదనకి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. అంట్ల యంత్రం దగ్గరికి తనంతట తనే నడిచి వెళ్ళాడు.

ఇందులో అసలు తమాషా రసాయనశాస్త్రంలో ఉంది. గాలి తగిలిన మరుక్షణం అల్యూమినియం మీద దాని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో కొద్ది భాగాలంత మందం. కంటికి కనపడదు, కానీ మహా గట్టిది. ఆ ఆక్సైడే స్ఫటికంగా దొరికితే కురువిందం. ఇంగ్లీషువాళ్ళు వాడే కోరండం అన్న మాట మన దక్షిణాది భాషల నుంచి వెళ్ళిందే. కెంపూ నీలమూ దాని రూపాలే. గరుకు కాగితాలు చాలావాటికీ, మెరుగు పేస్టులు కొన్నిటికీ పదునిచ్చేది ఈ ఆక్సైడ్ పొడే. అంటే మన పెద్దమనిషి అల్యూమినియం తుప్పుని అల్యూమినియం తుప్పుతోనే గీకుతున్నాడు. గీకి చెయ్యి తీసేలోగా కొత్త పొర పట్టేస్తోంది. గ్రీకు కావ్యంలో పగలు నేసినదాన్ని రాత్రి విప్పేసే పెనిలోపీ కూడా రాత్రయ్యేదాకా ఆగేది. ఇక్కడ అంత వ్యవధి కూడా లేదు.

అతని తరఫున వాదించేవాళ్ళూ ఉన్నారు. మెరుగు పెడితే ఇంజను చల్లగా ఉంటుందంటారు కొందరు. ఇది తలకిందుల మాట. నున్నటి అల్యూమినియం వేడిని వికిరణంగా వదలడంలో పరమ పిసినారి. అదే వేడిమీదున్న నల్లరంగు తలంతో పోలిస్తే పదోవంతు కూడా వదలదు. నీళ్ళతో చల్లబడే ఇంజనుకి ఆ తేడా లెక్కలోకి రాదు, అది వేరే విషయం. ఫ్యాక్టరీలో ఎలా చేశారో అలా ఉంచడం మా ధర్మం అంటారు ఇంకొందరు. ఈ మాటలో పస ఉంది, ఆ మూతల వరకు. కానీ ఆ ఫ్యాక్టరీయే 1960ల చివరికొచ్చేసరికి మెరుగు మూతలకి స్వస్తి చెప్పి, గాడులు పోసి నల్లరంగు వేసిన మూతలు బిగించింది. పైగా చేతిలో చక్రం తిరుగుతుంటే మనవాడు మూతలతో ఆగడు. కంపెనీ గరుకుగా వదిలేసిన బ్రాకెట్టు, ఏ కంటికీ ఆనని కింది గొట్టం, అన్నీ అద్దాలైపోవాలి. అసలు రూపానికి మార్కులు వేసే పోటీల్లో న్యాయనిర్ణేతలు సరిగ్గా దీనికే మార్కులు కోస్తారు.

మూడో అభ్యంతరం కాస్త గట్టిది. ఇంగ్లండు చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది గరుకు అల్యూమినియం రంధ్రాల్లో చేరి తెల్లటి పొడిలా తినేస్తుంది, నున్నటి తలం మీద అంతగా నిలవదు. ఒప్పుకుంటాను. అయితే ఈ కార్లు చలికాలంలో గడప దాటితే కదా! నవంబరులో దుప్పటి కప్పుకున్న బండి మళ్ళీ వసంతంలోనే ముఖం చూపిస్తుంది. ఆ మధ్యకాలమంతా తోముడే.

ఎవరి సరదా వాళ్ళది, దాన్ని అంట్లతో పోల్చి కించపరచడం దేనికని అడగవచ్చు. అంట్లు తోమడం కించపాటైన పని అనుకుంటేనే ఆ ప్రశ్న పుడుతుంది, ఆ అనుకోవడం అతనిది. నిజానికి ఈ పోలికలో తగ్గవలసింది అతనే. ఇంట్లో గిన్నెకి లోపల శుభ్రంగా ఉంటే చాలు, అడుగున మసి ఉన్నా అన్నం ఉడుకుతుంది. ఇతని గిన్నెకి లోపలంతా నల్లటి ఆయిలు, మెరుపంతా బయటే. అది కూడా రోజంతా బానెట్టు కింద చీకట్లో.

వేసవిలో ఊరి పచ్చిక మైదానంలో పాత కార్ల ప్రదర్శన పెట్టినప్పుడు మటుకు ఆ బానెట్టు లేస్తుంది. చుట్టూ చేరినవాళ్ళు మూతలో తమ ముఖాలు చూసుకుంటారు. మన పెద్దమనిషి మడత కుర్చీలో ఫ్లాస్కు టీ తాగుతూ ఎటో చూస్తున్నట్టే ఉంటాడు. ఓ పిల్లాడు వేలు చాపుతాడు. ఆ వేలు మూత మీద ఆనకముందే ఈయన జేబులోంచి పసుపు రంగు గుడ్డ బయటికొస్తుంది.