‘గల్ల చూస్కొని వస్త’: టీకా తాత్పర్య సహితం

మూలం: “మీరు తినుండ్రి. నేను గల్ల చూస్కొని వస్త.”

అవతారిక: రాజీవ్ రహదారి నుంచి గజ్వేల్‌కు మళ్లే ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో, రాత్రి పదిన్నరకు, ఒక టిఫిన్ హోటల్ యజమాని ఇంటికి ఫోన్ చేసి పలికిన వాక్యం. కర్త ఫలానా అని తేల్చనక్కరలేదు, ఆ హోటళ్ల వరుసలో ఎక్కడ నిలబడ్డా వినబడుతుంది. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరిది మన పాత మెదక్ జిల్లా కొల్చారమే. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. అందులో రెండో సగం మా వల్ల కాదు.

ప్రతిపదార్థం: మీరు = కళ్లు కాయలు కాచిన భార్యాపిల్లలు; తినుండ్రి = పొద్దటి నుంచి ఊరందరికీ వడ్డించిన నేను మీకు వడ్డించలేను గనుక మీరే పెట్టుకోండి; నేను = మాస్టర్ రాని నాడు మాస్టర్‌నూ, క్లీనర్ రాని నాడు క్లీనర్‌నూ అయినవాడను; గల్ల = నగదు పెట్టె, దాని వెనక నిలబడ్డ చిట్టీ, గిరిగిరి ఫైనాన్స్ కిస్తు, సిలిండర్ల బాకీ, కరెంటు బిల్లు; చూస్కొని = లెక్క కుదిరేదాకా, కుదిరాక మళ్లీ ఒకసారి; వస్త = రాను.

వ్యాకరణ విశేషం: ‘వస్త’ భవిష్యత్తని కొందరు. తద్ధర్మమని మేము. రోజూ అంటాడు, రోజూ రాడు.

పూర్వపక్షం: వారానికో సెలవు తీసుకోరాదా? 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం వారపు సెలవును పనివాడికిచ్చింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం 24 గంటలూ తెరుచుకోవచ్చన్నప్పుడు కూడా దాన్ని షరతుగా నిలిపింది. యజమానికి సెలవివ్వాల్సినవాడు యజమానే, అతణ్ణి అడిగే ధైర్యం అతనికే లేదు. పోనీ ఆదివారం మూద్దామంటే సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న భక్తుల బండ్లన్నీ ఆ రోజే ఆగుతాయి.

వ్యంగ్యార్థం: పనిలో పడి కాలిపోయే ఈ స్థితిని (బర్నౌట్) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రోగమనకుండా, తీరని పని ఒత్తిడి ఫలమని చెప్పి, మూడు లక్షణాలు పేర్కొంది: సత్తువ ఉడగడం, పని మీద విరక్తి, తనకు చేతకావడం లేదనిపించడం. హోటల్ భాషలో మొదటిది నడుం నొప్పి. రెండోది చట్నీ ఇంకోసారి అడిగిన గిరాకీని కసరడం. మూడోది ‘ఇది అమ్మి పొలం చేస్కుంటే నయముండె’ అనడం. మొదటిదాన్ని చాయ్‌తో, రెండోదాన్ని క్లీనర్ మీద అరిచి దాటేస్తారు. మూడోదాకా వచ్చినవాడికి చాయ్ పనిచేయదు.

మా మతం: దోషమంతా ‘చూస్కొని’లో ఉంది. దోసె పెనం మాస్టర్‌కిచ్చాడు, సామాన్లు తెచ్చే పని తమ్ముడికిచ్చాడు. గల్ల ఎవరికీ ఇవ్వడు. ఫోన్‌పే డబ్బా మోగినట్టయి అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు. వారంలో రెండు పూటలు గల్ల తమ్ముడికే అప్పగిస్తే ఏమవుతుంది? లెక్కలో యాభయ్యో వందో తేడా వస్తుంది. దాన్ని ఖర్చుల కింద రాసుకోవాలి. గుండె డాక్టర్ ఫీజు అంతకంటే ఎక్కువ.

పాఠాంతరం: “గల్ల నువ్వు చూడు, నేను తిని వస్త” అని కొన్ని ప్రతుల్లో ఉంది. ఇదే సాధుపాఠం. అయితే దొరికిన ప్రతులన్నీ మధ్యాహ్నం మూడింటివి, అంటే గిరాకీ లేని వేళవి.