అంట్లెవరు తోమారు?

నేను విమర్శకురాలిని కాను. ఆ మాట ముందే చెప్పేస్తే విమర్శకులు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. టీవీ సీరియళ్లలో అత్తలు ఎంతకీ మారక, ఫోను చూస్తూ కూర్చుంటే మెడ పట్టేసి, ఈ ఎండాకాలం తెలుగు నవలల మీద పడ్డాను. జాబితా మా బావగారిది. ఆయన కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. "ఇవి చదవకపోతే ఎంత చదివినా చదివినట్టు కాదమ్మా" అంటూ తెల్లకాగితం మీద పేర్లు రాసిచ్చారు. చూస్తే డాక్టరు రాసిచ్చిన పథ్యం చీటీలా ఉంది. ఒకడు అసమర్థుడు, ఒకడు అల్పజీవి, ఇంకొకడు ఏకంగా అంపశయ్య మీదే ఉన్నాడు. సుఖంగా ఉన్నవాడు ఒక్కడూ కనబళ్లేదు.

చదవగా చదవగా నాకో చెడ్డ అలవాటు పట్టుకుంది. నాయకుడు కిటికీ దగ్గర నిలబడి జీవితమంటే ఏమిటని ఆలోచించడం మొదలెట్టగానే, నా మనసు ఆయన్ని అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఇందాక ఈయన భోంచేశాడు కదా, ఆ కంచం ఎవరు తీశారు? కాఫీ తాగాడు, ఆ గ్లాసు ఏమైంది? పెద్ద విమర్శకులు వస్తువనీ, శిల్పమనీ, దృక్పథమనీ చూస్తారు. నేను చూసేది అంట్లు.

మొదట 'చివరకు మిగిలేది' తీశాను. పేరు చూసి ఇదేదో వంటింటి వ్యవహారమే అనుకున్నాను. కాదు. బుచ్చిబాబు గారు 1946-47లో 'నవోదయ' పత్రికలో సీరియల్‌గా రాసింది. దయానిధి డాక్టరు. రోగుల్ని చూసినదానికంటే తనను తాను పరీక్షించుకున్నదే ఎక్కువ. తల్లి గురించి ఊరు అనే మాటలు ఆయన్ని వెంటాడుతుంటాయి. అక్కడ నాకూ మనసు కరిగింది. కానీ కోమలి, అమృతం, సుశీల, నాగమణి, కాత్యాయని... వీళ్లందరినీ గుర్తుపెట్టుకోవడానికి హాజరుపట్టీ వేసుకోవాల్సి వచ్చింది. ఒక్కొక్కరూ వస్తారు, దయానిధికి ఒక కొత్త ఆలోచన ఇస్తారు, వెళ్తారు. మధ్యలో ఇందిర అని ఓ భార్య కూడా ఉంది. ఆమె జబ్బుపడి పోతుంది. దయానిధి ఆలోచిస్తాడు. తర్వాత రాయలసీమ వెళ్తాడు, అక్కడ ఆయనకి వజ్రం దొరుకుతుంది. ఇన్నేళ్లుగా బియ్యం ఏరుతున్నాను, నాకు రాళ్లే తప్ప ఏమీ దొరకలేదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. బుచ్చిబాబు గారు బొమ్మలు కూడా వేసేవారు, ఆ చెయ్యి వాక్యంలో తెలుస్తుంది. సాయంత్రపు వెలుతురు గురించి రాస్తే, పొయ్యి మీద పాలు పొంగుతున్నా పేజీ వదలబుద్ధి కాదు. పాలు పొంగాయి కూడా. స్టవ్ తుడిచింది మాత్రం దయానిధి కాదు.

తర్వాత గోపీచంద్ గారి 'అసమర్థుని జీవయాత్ర'. సీతారామారావు వంశప్రతిష్ఠ నిలబెట్టడానికి ఉన్న ఆస్తంతా పంచిపెట్టేస్తాడు. చేతిలో డబ్బున్నన్నాళ్లూ దానం, అయిపోయాక తత్త్వం. రామయ్య తాత అని ఒకాయన ఉంటాడు, ఆయనతో మాట్లాడుతుంటే పేజీలు తిరిగిపోతుంటాయి. ఇంట్లో భార్య ఉంది. పేరు ఇందిర. చూశారా, మళ్లీ ఇందిరే! ఆయన మనిషి పుట్టుక గురించి, సంఘం గురించి, తన మనసు లోపలి పొరల గురించి వాదిస్తుంటాడు. ఆవిడకి మాత్రం ఆ పూట పొయ్యి వెలిగించాలి, బిడ్డకింత పెట్టాలి. ఆవిడ మనసు లోపల ఏ పొరలున్నాయో చూడ్డానికి నవలకి తీరిక లేదు.

గోపీచంద్ గారి పక్షాన కూడా మాట్లాడాలి. సీతారామారావు గొప్పవాడని ఆయన ఎక్కడా చెప్పలేదు. అసమర్థుడని అట్ట మీదే అచ్చేశారు. త్రిపురనేని రామస్వామి చౌదరి గారి కొడుకు కదా, ప్రశ్న వేయడం ఇంట్లోనే నేర్చుకున్నారు. హీరో మీద జాలిపడనివ్వరు, అసహ్యించుకోనివ్వరు. చివరికి శ్మశానంలో వాడు పోయిన తీరు చదివాక ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అంత బాగా రాసిన పుస్తకం మీద వెటకారం చెయ్యడానికి కాస్త ధైర్యం కావాలి. నాకుంది.

ఈ అంట్ల మాట బావగారితో అంటే ఆయన నొచ్చుకున్నారు. "మహా నవలల్ని అంట్లతో కొలవకూడదమ్మా. అది అస్తిత్వ వేదన" అన్నారు. అంటూనే కాఫీ చివరి గుక్క తాగి, గ్లాసు పడక్కుర్చీ కింద పెట్టి, చైతన్య స్రవంతి గురించి చెప్పడం మొదలెట్టారు. అడుగున మిగిలిన కాఫీ చుట్టూ చీమలు చేరాయి. ఆయన వర్జీనియా వుల్ఫ్ దగ్గరికి వచ్చేసరికి గ్లాసు నేనే తీశాను.

రావిశాస్త్రి గారి 'అల్పజీవి' సుబ్బయ్య నాకు నచ్చాడు. పాపం, వాడికి ఆఫీసుంది, జీతముంది, బావమరిది వెంకట్రావంటే వణుకుంది, గవరయ్య దగ్గర చేసిన అప్పుంది. రేపు అప్పెలా తీరుతుందా అన్న భయం నాకు తెలిసిన భయమే. 'అంపశయ్య'లో రవి కథంతా ఒక్కరోజుదే. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో తెల్లారి లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా వాడి బుర్రలో ఏం నడిచిందో అంతా రాశారు నవీన్ గారు. పుస్తకంగా 1969లో వచ్చింది, చివరికి ఆ నవలే ఆయన ఇంటిపేరైంది. వాడిది మెస్ భోజనం కాబట్టి నా అంట్ల కేసు అక్కడ కొట్టేశాను. జేబులో డబ్బుల్లేక కుర్రాడు పడే సిగ్గు చదువుతుంటే వెటకారం కూడా రాలేదు.

'వేయిపడగలు' నవలకీ, అడివి బాపిరాజు గారి 'నారాయణరావు'కీ ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాళ్లు బహుమతి చెరిసగం ఇచ్చారు. నేనూ విశ్వనాథ వారి పుస్తకం సగమే చదివాను, చెల్లుకు చెల్లు. పీవీ నరసింహారావు గారు దాన్ని మొత్తం హిందీలోకి అనువదించి, ఆ తర్వాత ప్రధానమంత్రి కూడా అయ్యారు. అంత ఓపికున్న మనిషికి మైనారిటీ ప్రభుత్వం నడపడం ఏపాటి?

చలం గారి 'మైదానం'లో రాజేశ్వరి ప్లీడరు మొగుణ్ణి వదిలేసి అమీర్‌తో వెళ్లిపోయింది. 1927లో అలా రాయడానికి ఎంత గుండె కావాలో! ఆ మైదానం, ఆ వెన్నెల, ఆ ఏరు, అన్నీ బాగున్నాయి. ఇంటద్దె కూడా లేదు. కానీ స్వేచ్ఛలో కూడా పూటపూటా ఆకలేస్తుంది కదా, అక్కడ పొయ్యి దగ్గర కూర్చున్నదెవరో నాకు బాగానే అర్థమైంది.

బావగారి జాబితాలో యద్దనపూడి సులోచనారాణి గారి పేరు లేదు. ఆవిడ పేరెత్తితే సాహిత్యపరులకి ముక్కు కాస్త పైకి లేస్తుంది. నేను మాత్రం 'సెక్రటరీ' మళ్లీ చదివాను. రాజశేఖరానికి పెద్ద కారు, పెద్ద మేడ, ఇంకా పెద్ద అహంకారం ఉన్నమాట నిజమే. కానీ జయంతి పొద్దున్నే తయారై ఉద్యోగానికి వెళ్తుంది. తెలుగు నవలల్లో ఆత్మలున్నాయి, వేదనలున్నాయి, యాత్రలున్నాయి. అట్ట మీద ఆడపిల్ల ఉద్యోగాన్ని పేరుగా పెట్టుకున్నది ఇదొక్కటే నా కంటబడింది.

ఇక అసలు సంగతి, మూడో ఇందిర. డాక్టర్ పి. శ్రీదేవి గారి 'కాలాతీత వ్యక్తులు' 1957-58లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చింది. విశాఖపట్నం. ఇందిర ఉద్యోగం చేసి తండ్రి ఆనందరావుని పోషిస్తుంటుంది. మేడమీద గదిలో ప్రకాశం, మెడిసిన్ చదువుతుంటాడు. మంచివాడు, మెతకవాడు. కల్యాణి అంటే ఇష్టం, ఇందిర పిలిస్తే కాదనలేడు, మేనమామ వచ్చి గద్దిస్తే ఇద్దరినీ వదిలేస్తాడు. ఈ ప్రకాశాన్ని ఇంకెవరైనా రాసుంటే అతనే నాయకుడయ్యేవాడు. కిటికీ దగ్గర నిలబెట్టి మూడొందల పేజీలు ఆలోచింపజేసేవారు. శ్రీదేవి గారు ఆ పని చెయ్యలేదు. పిరికితనానికి వేదన అని పేరు పెట్టలేదు, పిరికితనం అనే చెప్పారు.

ఇందిర మంచిదేం కాదు. స్వార్థం ఉంది, ఈర్ష్య ఉంది, కల్యాణికి చేసిన అన్యాయం క్షమించేది కాదు. కానీ తనకేం కావాలో ఆమెకి తెలుసు. బతుకంటే ఏమిటని ఎవర్నీ అడగదు, నెలాఖరుకి ఇల్లు గడవాలని మాత్రం తెలుసు. ప్రకాశం జారిపోతే గుండె బాదుకోదు, నూతిలో దూకదు, క్షయ తెచ్చుకోదు. కృష్ణమూర్తిని పెళ్లాడుతుంది. ఆ పెళ్లి సంగతి మాట్లాడుకునేచోట ఆమె లెక్క ఎంత సూటిగా ఉంటుందంటే, చదువుతున్నది నవలో, ఇంటి జమాఖర్చో ఒక్క క్షణం తెలియదు. మొదటి ఇందిర పోయింది, రెండో ఇందిర భరించింది, మూడో ఇందిర లెక్క అడిగింది.

ఈ నవల ఆధారంగానే 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా వచ్చింది. ఆ సినిమా చూసినవాళ్లు కథ తెలుసని అనుకోకండి, పుస్తకం వేరు. బావగారి జాబితాలో ఇది కూడా ఉంది, కాకపోతే అట్టడుగున, "వీలుంటే" అన్న మాటతో. వీలు చేసుకుని దాన్నే ముందు చదవండి. శ్రీదేవి గారు ముప్ఫైల్లో అడుగుపెట్టిన కొత్తలోనే, 1961లో కన్నుమూశారు. ఆవిడ రాసిన నవల ఇదొక్కటే.