కట్టకముందే రీడెవలప్‌మెంట్

హైదరాబాద్ ఉప్పల్‌లో ఇప్పుడు ఎవరూ ఏదీ కట్టడం లేదు. కట్టడమన్నది పాతకాలపు ముచ్చట. రోడ్డు, చెరువు, బస్టాపు, ఫ్యాక్టరీ షెడ్డు, పాతికేళ్ల అపార్ట్‌మెంటు, ఏది ముట్టుకున్నా ‘రీడెవలప్‌మెంట్’ అయిపోతోంది. నల్లా లీకైతే వచ్చే ప్లంబరొక్కడే ఇంకా వాషర్ మారుస్తానంటున్నాడు. పాపం, అతనికి కన్సల్టెంటు దొరికినట్టు లేదు.

ఈ పనులకు మనకు మాటల్లేవా? ఇంటికి మరమ్మతు, గుడికి జీర్ణోద్ధరణ, చెరువుకు పూడికతీత, రోడ్డుకు గుంతలు పూడ్చడం. వీటితో నాయకులకు వచ్చిన చిక్కల్లా ఒక్కటే. పూడిక తీశారో లేదో గట్టు మీద నిలబడ్డ ముసలాయన చెప్పేస్తాడు. గుంత పూడ్చారో లేదో స్కూటరు వెనక కూర్చున్నావిడ నడుము చెప్పేస్తుంది. రీడెవలప్‌మెంటు జరిగిందో లేదో తేల్చాలంటే మాత్రం డీపీఆర్ అనే ప్రాజెక్టు నివేదిక తెరవాలి, త్రీడీ వీడియో చూడాలి. ఆ వీడియోల్లో చెట్లుంటాయి, తెల్లబట్టల్లో వాకింగ్ చేసే దంపతులుంటారు, షేర్ ఆటో మాత్రం మచ్చుకైనా ఉండదు. షేర్ ఆటో లేని ఉప్పల్‌ను కలగనడానికే ఎంత ధైర్యం కావాలి!

నమ్మకం కుదరకపోతే ఉప్పల్ రింగురోడ్డు నుంచి నారపల్లి దాకా ఒకసారి వెళ్లిరండి. వరంగల్ జాతీయ రహదారి మీద ఆరు కిలోమీటర్లకు పైగా ఎలివేటెడ్ కారిడార్ కడతామంటూ 2018 మేలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ శంకుస్థాపన చేశారు. ఏడేళ్లు గడిచినా అది పూర్తి కాలేదు. పిల్లర్లు లేచాయి. కొన్నింటికి తలకాయలొచ్చాయి. తలకాయల్లేని వాటికి తుప్పుపట్టిన చువ్వలు జుట్టులా లేచి నిలబడ్డాయి. నడుముల దాకా కోచింగ్ సెంటర్ల, హాస్టళ్ల కాగితాలు అంటుకున్నాయి. ప్రజాధనం ఎవరికీ ఉపయోగపడలేదని ఎలా అంటాం?

అంతకన్నా విడ్డూరం కింద రోడ్డుది. పైన వంతెన వస్తుందని దాన్ని తవ్వారు. వంతెన రాలేదు, తవ్విందేమో మిగిలింది. వాన పడితే బురద, ఎండ కాస్తే దుమ్ము. జనం మొత్తుకుంటే అక్కడక్కడా తారు, మళ్లీ వాన, మళ్లీ తారు. యాదగిరిగుట్టకు మొక్కు తీర్చుకోవడానికి వెళ్లేవాళ్లు బోడుప్పల్ దాటేలోపే ఇంకో మొక్కు మొక్కుకుంటున్నారు. కట్టాల్సిందాన్ని కట్టకుండా, ఉన్నదాన్ని చెడగొట్టి, ఆ చెడిందాన్ని బాగుచేయడం మళ్లీ ఒక పనిగా పెట్టుకోవడం. రీడెవలప్‌మెంట్‌కు ఇంతకన్నా నిక్కచ్చి నిర్వచనం ఏ నిఘంటువులోనూ దొరకదు.

2023 మార్చిలో ఆ పిల్లర్ల మీదే పోస్టర్లు వెలిశాయి. ఐదేళ్లలో 40 శాతం పనేనా అని ప్రధానిని నిలదీసే పోస్టర్లు. అంటించింది ఎవరైతేనేం, ఆ కారిడార్ మీద రాత్రికి రాత్రే పూర్తయిన పని అదొక్కటే. ఢిల్లీని అడిగితే భూసేకరణ రాష్ట్రానిదంటుంది, హైదరాబాద్‌ను అడిగితే రహదారి కేంద్రానిదంటుంది. మధ్యలో పీర్జాదిగూడ వాడు హారన్ కొట్టుకుంటూ కూర్చుంటాడు.

ఆ కారిడార్ మొదలయ్యే ఉప్పల్ రింగురోడ్డు కూడలిలోనే 2023 జూన్‌లో స్కైవాక్ తెరిచారు. సుమారు 25 కోట్లతో కట్టారు. దానికెవరూ ‘రీ’ తగిలించలేదు. ఎక్కుతాం, నడుస్తాం, అవతల దిగుతాం. ఏ పనికి కట్టారో పేరులోనే ఉంది, ఆ పని చేస్తోంది. బహుశా అందుకే దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు.

మన ఉప్పల్ క్రికెట్ స్టేడియాన్నీ తలుచుకోవాలి. 2023 ప్రపంచకప్ ముందు హంగులు పెంచుతామన్నారు. మ్యాచులు మొదలయ్యాక మురికి పట్టిన కుర్చీల, విరిగిన కుర్చీల ఫొటోలు దేశమంతా చుట్టొచ్చాయి. హంగులు ఎటు పెరిగాయో తెలియదు.

ఉప్పల్ పక్కనే ఉన్న నాచారానికి ఇంకా పెద్ద మాట వచ్చింది: ట్రాన్స్‌ఫర్మేషన్. 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ‘హిల్ట్’ (హైదరాబాద్ ఇండస్ట్రియల్ ల్యాండ్స్ ట్రాన్స్‌ఫర్మేషన్) అనే విధానం తెచ్చింది. ఔటర్ రింగురోడ్డు లోపలి పారిశ్రామికవాడల్లోని 9,292 ఎకరాలను ఇళ్లకు, ఆఫీసులకు, మాల్స్‌కు వాడుకోనిస్తారట. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ ఆ జాబితాలో ఉన్నాయి. ముందున్న రోడ్డు 80 అడుగులకు తక్కువైతే రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, లేదంటే 50 శాతం ఫీజు కట్టాలి. లక్షల కోట్ల కుంభకోణమని ప్రతిపక్షం అంది. కాదని ప్రభుత్వం అంది. ఆ పంచాయితీ వాళ్లు తేల్చుకుంటారు.

పొగ, కంపు ఊళ్లోంచి పోవాలనడంలో తప్పేమీ లేదు. కిటికీలు బిగించుకుని పడుకునే మల్లాపూర్ వాళ్లను అడిగితే రేపే పంపించేయమంటారు. కానీ పరిశ్రమ పెట్టి నలుగురికి పనిస్తారనే కదా ఈ భూములు ఒకప్పుడు ఇచ్చింది? రోడ్డు వెడల్పుకు శాతం ఉంది. అదే షెడ్డులో ఇరవై ఏళ్లుగా లేత్ మిషను తిప్పుతున్న మనిషి ఏ శాతం కిందికి వస్తాడు? బెంగపడకండి, ఆయనా ట్రాన్స్‌ఫర్మ్ అవుతాడు. అదే స్థలంలో, అదే గేటు దగ్గర, కొత్త టవరుకు వాచ్‌మన్‌గా.

అయ్యలారా, అమ్మలారా, మా విన్నపం చిన్నది. ఉప్పల్ వైపు ఇంకో శిలాఫలకం పట్టుకొచ్చే ముందు, పాత ఫలకం వేసిన తేదీ, అప్పుడు చెప్పిన గడువు, ఇప్పటిదాకా అయిన ఖర్చు, ఇంకా మిగిలిన పని, నాలుగూ అదే రాయి మీద చెక్కించండి. రాయి చాలకపోతే పిల్లర్లు నడుము పైన ఖాళీగానే ఉన్నాయి. అప్పటిదాకా నారపల్లి వైపు వెళ్లేవాళ్లు ఓ అరగంట ముందే బయలుదేరండి.