గ్రేడు వస్తోంది, దుమ్ము దులపండి

విశ్వవిద్యాలయానికి గ్రంథాలయం ఒకటి ఉందన్న సంగతి మామూలుగా అయిదేళ్లకోసారి బయటపడుతుంది. విశ్వవిద్యాలయాలకు గ్రేడు వేసే న్యాక్ పీర్ టీమ్ ఫలానా వారం వస్తోందని కబురందగానే వైస్ చాన్సలర్ గారు రిజిస్ట్రార్ గారిని పిలుస్తారు. ఆయన నాణ్యతా విభాగం డైరెక్టర్‌ని పిలుస్తారు. ఆయన అటెండర్‌ని పిలిచి "మన లైబ్రరీకి ఎటువైపు నుంచి వెళ్లాలయ్యా?" అని అడుగుతారు. అటెండర్‌కి తెలుసు. క్యాంపస్‌లో ఏది ఎక్కడుందో తెలిసిన వర్గం అదొక్కటే.

ఆ పూట నుంచి పని మొదలు. బీరువాలకు రంగు వేస్తారు, లోపలి పుస్తకాలు తియ్యకుండానే. దివ్యాంగుల కోసం ర్యాంపు కడతారు; ర్యాంపు ఎక్కాక రెండు మెట్లుంటాయి. నర్సరీ నుంచి పూలకుండీలు అద్దెకొస్తాయి. 'కొత్తగా వచ్చిన పుస్తకాలు' అన్న స్టాండు మీద 2011లో కొన్నవి బారుగా నిలబడతాయి. ఆ తర్వాత కొన్నవి ఉంటే కదా! ఏళ్ల తరబడి కదలని ఫ్యాను కూడా, వచ్చేవాళ్లు బయటి వాళ్లన్న గౌరవం కొద్దీ, తిరగడం మొదలెడుతుంది.

ఈ హడావుడి అంతా ఎన్ని మార్కులకని ఆరా తీశాను. న్యాక్ గ్రేడు పద్ధతిలో విశ్వవిద్యాలయాలకు మొత్తం మార్కులు 1000. అందులో గ్రంథాలయం వాటా 20. పక్కనే భవనాలకూ వసతులకూ 30, కంప్యూటర్లకు 30, క్యాంపస్ నిర్వహణకు 20. అంటే కొళాయి లీకేజీ ఆపించినా, పిల్లవాడి చేత పుస్తకం చదివించినా విశ్వవిద్యాలయానికి వచ్చే పుణ్యం ఒకటే. రెండోదానికి శ్రమెక్కువ. ప్లంబర్ని పిలవడం తెలివైన పని.

ఆ 20 మార్కుల్లోనూ ఒక ముచ్చటైన పద్దు ఉంది. రోజుకు ఎంతమంది విద్యార్థులూ అధ్యాపకులూ గ్రంథాలయాన్ని వాడుతున్నారో శాతంలో చెప్పాలి. రుజువు కింద గేటు రిజిస్టరూ, ఆన్‌లైన్ లాగిన్ల లెక్కా చూపించాలి. గేటు రిజిస్టరు విషయంలో మనం ఎవరికీ తీసిపోం. ఉస్మానియా మొదలుకొని ఏ విశ్వవిద్యాలయ రీడింగ్ హాల్లోకి తొంగిచూసినా తెల్లవారకముందే కుర్చీలు నిండిపోయి ఉంటాయి. గ్రూప్-1, గ్రూప్-2, డీఎస్సీ, ఎస్సై. కోచింగ్‌ల అశోక్‌నగర్లో కొన్న మెటీరియల్ సంచిలో, వాటర్ బాటిల్ పక్కన. లైబ్రరీలో వాళ్లకు కావలసినవి మూడు: కుర్చీ, లైటు, ఫోను చార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు. పుస్తకాల ర్యాకుల వైపు వెళ్లే దారి వాళ్లకు అక్కర్లేదు, ఆ దారికి తాళం కూడా ఉంటుంది. ఆ పిల్లల్ని తప్పుపట్టను. నోటిఫికేషన్ వస్తుందో రాదో తెలియకుండా అంతసేపు కూర్చునే ఓపిక ఏ పరిశోధకుడికీ లేదు. కానీ వాళ్ల సంతకాలన్నీ కలిపి, ఇదిగో మావాళ్లు ఇంతలా చదివేస్తున్నారని శాతం కట్టే ఆ మేధావి ఎవరో, ఆయనకు నా నమస్కారం. ఎంతమంది వచ్చారన్న గడి ఫారంలో ఉంది, ఎన్ని పుస్తకాలు తెరిచారన్న గడి లేదు.

ర్యాకులకు తాళం ఎందుకని లైబ్రరీ వాళ్ల మీద విరుచుకుపడతాం. వాళ్లకో న్యాయముంది. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి, 2017లో 215వ నియమం ఒకటుంది. ఏడాదిలో వెయ్యి పుస్తకాలు పాఠకుల చేతుల్లోకి వెళితే అందులో అయిదు పోవడం సహజమే అంటుందది. పోయింది అరుదైన పుస్తకమైతేనో, వెయ్యి రూపాయలు దాటిన ఖరీదుదైతేనో విచారించమంటుంది. సర్కారు రాసిన నియమాల్లో ఇంత మనసున్నది ఇంకోటి నా కంటపడలేదు. మన దగ్గర జరిగేది వేరు. ఆడిట్ వాళ్లొచ్చి యాక్సెషన్ రిజిస్టరు ముందేసుకుంటారు. 1974లో పద్దెనిమిది రూపాయలకు కొన్న పుస్తకం కనబడలేదని అభ్యంతరం రాస్తారు. ఆ అభ్యంతరం రిటైరయ్యేనాటికి లైబ్రేరియన్ పెన్షన్ ఫైల్లోకి వచ్చి కూర్చుంటుంది. పోయిన పుస్తకానికి సంజాయిషీ ఉంది. ఎవరూ చదవని పుస్తకానికి లేదు. బుద్ధున్నవాడెవడైనా తాళమే వేస్తాడు.

లైబ్రేరియన్ అన్నాను గానీ, అది అలవాటు కొద్దీ వచ్చిన మాట. చాలాచోట్ల ఇప్పుడున్నది ఇన్‌చార్జి. ఫిజిక్స్ ప్రొఫెసరు గారు హాస్టల్ వార్డెన్‌గిరీ, ఎన్‌ఎస్‌ఎస్సూ చూసుకుంటూ వాటితోపాటు దీన్నీ ఓ సంతకంతో మోస్తుంటారు. దీనికి పూర్వోదాహరణ ఉందని పాలకులు వాదించవచ్చు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం ఎస్.ఆర్. రంగనాథన్‌ని లైబ్రేరియన్‌గా వేసుకున్నప్పుడు ఆయనా లెక్కల మాస్టారే. గ్రంథాలయశాస్త్రం ఓనమాలు తెలియవు. చేరిన కొద్దిరోజులకే విసుగుపుట్టి, నా పాఠాలు నాకిచ్చెయ్యండని మొరపెట్టుకున్నారు. ముందు లండన్ వెళ్లి చదువుకుని రండి, అప్పటికీ నచ్చకపోతే చూద్దాం అన్నారు వాళ్లు. వెళ్లారు, నేర్చుకున్నారు, మళ్లీ పాఠాల ఊసెత్తలేదు. 1931లో గ్రంథాలయశాస్త్రానికి పంచసూత్రాలు రాశారు, 1933లో కోలన్ వర్గీకరణ ఇచ్చారు. ఈ కథ మనవాళ్లు సగం దాకానే చదివినట్టున్నారు. 'లెక్కల మాస్టారిని లైబ్రేరియన్‌గా వేసుకోవచ్చు' అన్నచోట పుస్తకం మూసేశారు. లండన్ ఖర్చు మిగిలింది.

ఇంకో విడ్డూరం. గ్రంథాలయశాస్త్రంలో డిప్లొమా ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే మొదలుపెట్టింది. అదే ఏడు పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు కాలవలో పడవ మీద పుస్తకాలు పెట్టి ఊరూరికీ పంపించారు. అప్పటికి బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టి ఇరవై ఏళ్లు దాటింది. అంత ఘనత ఉన్న గడ్డ మీద ఇవాళ మెయిన్ లైబ్రరీ నుంచి ఎదురుగా ఉన్న డిపార్ట్‌మెంటుకు ఒక పుస్తకం రోడ్డు దాటాలంటే మూడు సంతకాలు కావాలి. లైబ్రరీ సైన్సు పట్టాలు మాత్రం ఏటా ఇస్తూనే ఉన్నారు, రెగ్యులర్‌గా కొన్ని, దూరవిద్యలో ఇంకొన్ని. విశ్వవిద్యాలయం తన చేత్తోనే లైబ్రేరియన్లను తయారుచేస్తుంది, తన లైబ్రరీలో ఖాళీలను తనే కాపాడుకుంటుంది. ఆ పట్టా పుచ్చుకున్న పిల్ల అదే రీడింగ్ హాల్లో గ్రూప్-4కి చదువుకుంటూ రోజూ గేటు దగ్గర సంతకం పెడుతుంది. పట్టా వృథా పోయిందని ఎవరనగలరు? శాతం పెరిగిందిగా.

మరి లైబ్రరీ నడుస్తున్నది ఎవరితో? ఈ ప్రశ్నకు జవాబు న్యాక్‌కి పంపే స్వీయ అధ్యయన నివేదికలో దొరకదు. బోధనేతర సిబ్బందిలో నాలుగు వర్ణాలున్నాయి: రెగ్యులరు, టైమ్ స్కేలు, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగు. పై వర్ణం వాళ్లు రిటైరవుతూ వస్తున్నారు, కింది వర్ణం వాళ్లు పని చేస్తూ వస్తున్నారు. అలాంటి ఒకాయన నాకు తెలుసు. పేరు రాస్తే ఏజెన్సీ వాడు రెన్యువల్ ఆపేస్తాడు కనుక రాయను. పరిశోధక విద్యార్థి వచ్చి కంప్యూటర్లో వెతుకుతాడు. పుస్తకం 894.827 దగ్గర ఉందంటుంది కంప్యూటరు. ఆ నంబరు కింద తెలుగు సాహిత్యమంతా ఉంది. గంటసేపు తిరిగి చెమట తుడుచుకుంటుంటే ఈయన వస్తాడు. "ఎర్ర బైండింగుదేనా బాబూ? అక్కడుండదు. మొన్న వానకు పైకప్పు కారితే ఆ వరసంతా తీసి బైండింగ్ గదిలో పెట్టాను. రేపు పొద్దున్న రండి. ఆ విషయం మీదే ఇంకోటుంది, అట్టలేదు గానీ అదే మంచిది, మీరడిగింది దాన్ని చూసి రాసిందే." అట్టలేనిది మంచిదని ఆయనకెలా తెలుసు? దాన్ని అడిగి తీసుకెళ్లినవాళ్లు మళ్లీ మళ్లీ రావడం చూశాడు. దీన్ని ఏ సాఫ్ట్‌వేర్లో ఎక్కించాలో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఆ విద్యార్థికి డాక్టరేటు వస్తుంది. సిద్ధాంత గ్రంథంలో కృతజ్ఞతలు రెండు పేజీలు. ముందు దేవుడు, తర్వాత గైడు, గైడుగారి సతీమణి (టీలు ఇచ్చినందుకు), తలిదండ్రులు, అత్తమామలు, పేరుతో సహా డీటీపీ ఆపరేటరు. అట్టడుగున 'మరియు గ్రంథాలయ సిబ్బందికి'. నమ్మకం లేకపోతే సిద్ధాంత గ్రంథాలు పెట్టే శోధ్‌గంగ తెరిచి చూసుకోండి. ఆ వెబ్‌సైట్లో సిద్ధాంతాల కంటే కృతజ్ఞతలే నిజాయితీగా ఉంటాయి.

ఇప్పుడు కాగితం పుస్తకాల కాలం పోయిందనే నవీనులున్నారు. కేంద్రం 2024 నవంబరులో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి మూడేళ్లకు 6,000 కోట్లు మంజూరు చేసింది. 30 ప్రచురణ సంస్థలవి, దాదాపు 13,000 జర్నళ్లు. మంచి పని, మనస్ఫూర్తిగానే అంటున్నాను. ఒక విశ్వవిద్యాలయంలో ఈ శుభవార్తను నిలువెత్తు ఫ్లెక్సీ మీద వేయించారు. మంత్రిగారి బొమ్మ ఉంది, వీసీ గారి బొమ్మ ఉంది, లాగిన్ ఎలా అవ్వాలో లేదు. ఎవరినడగాలి? చెప్పవలసిన అసిస్టెంట్ లైబ్రేరియన్ పోస్టు ఖాళీ. డిజిటల్ గదికి తాళం; ఏసీ కాంట్రాక్టు అయిపోయింది, వేడికి కంప్యూటర్లు పాడవుతాయట.

పీర్ టీమ్ వచ్చిన రోజు బోధనేతర సిబ్బందితో 'ఇంటరాక్షన్' కూడా ఉంటుంది. సంక్షేమం, శిక్షణ అన్న పద్దులకూ మార్కులున్నాయి కదా. ముందురోజు రిహార్సల్ పెట్టి, ఎవరేం మాట్లాడాలో కాగితం మీద ఇస్తారు. "జీతాలు సకాలంలో వస్తున్నాయా?" "వస్తున్నాయండి." ఏ నెలవి అని అడిగే అలవాటు టీమ్‌కి లేదు. శిక్షణ కూడా ఇచ్చాం అని ఫొటోలు చూపిస్తారు. ఒత్తిడిని జయించడం ఎలా అన్న అంశం మీద ప్రొఫెసరు గారు అవుట్‌సోర్సింగ్ వాళ్లకు రెండు గంటలు చెప్పారు. ఆ రెండు గంటలూ కౌంటరు మూసి ఉంది.

ఇంత తతంగం ఎందుకని కొందరు దగ్గరి దారి వెతికారని వినికిడి. గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు సంస్థకు మంచి గ్రేడు కోసం లంచాలు నడిచాయన్న ఆరోపణ మీద 2025 ఫిబ్రవరిలో సీబీఐ, తనిఖీకొచ్చిన బృందం వాళ్లతో సహా 10 మందిని అరెస్టు చేసింది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. దొరికాయన్నవాటి జాబితా మాత్రం పేపర్లో శ్రద్ధగా చదివాను. నగదుంది, ల్యాప్‌టాప్‌లున్నాయి, ఖరీదైన ఫోనుంది. పుస్తకం కనబడలేదు. ఇంతమంది ఆచార్యులను లోబరచుకోవడానికి ఒక పుస్తకమిస్తే చాలునేమోనన్న అనుమానం ఎవరికీ రాకపోవడం, ఉన్నత విద్య మీద ఇప్పటిదాకా వచ్చిన నివేదికలన్నిటికంటే స్పష్టంగా ఉంది.

మా కథలోని విశ్వవిద్యాలయానికి అలాంటి అవసరం రాలేదు. పాపం, కుండీలతోనే గ్రేడొచ్చింది. ఆడిటోరియంలో అభినందన సభ పెట్టారు. శాలువాలు వీసీ గారికి, రిజిస్ట్రార్ గారికి, డైరెక్టర్ గారికి. కుర్చీలు మోసింది లైబ్రరీ స్టాఫ్. నాణ్యతను ఇంకా పెంచాలని సభలో తీర్మానించారు. పెంచాలంటే నాణ్యతా విభాగానికి పెద్ద చోటు కావాలి. కమిటీ క్యాంపస్ అంతా తిరిగి, గాలీ వెలుతురూ బాగా ఉన్నది పీరియాడికల్స్ హాలేనని గుర్తించింది. పాత జర్నళ్ల బైండు సంపుటాలను ఎర్ర బైండింగ్ ఆయన చేతే సెల్లార్‌లోకి దింపించి, ఆ హాల్లో క్యాబిన్లు కట్టించి ఏసీలు పెట్టించారు. ఇప్పుడు డిపార్ట్‌మెంట్ల వాళ్లంతా ఫైళ్లు పట్టుకుని రోజూ అక్కడికి వెళ్లాలి, వెళ్లేదారి లైబ్రరీ గేటులోంచే. పైసా ఖర్చు లేకుండా గ్రంథాలయానికొచ్చే అధ్యాపకుల శాతం ఒక్క నెలలో ఎన్నడూ లేనంతగా పెరిగింది. వచ్చే నివేదికలో దీన్ని 'ఉత్తమ ఆచరణ' కింద చూపించబోతున్నారు.