గట్టు సరంగు

కార్తీకం వెళ్ళి చలి ముదిరేసరికి కైకలూరు పరిసరాల్లో కనిపించే జీవజాతుల్లో గట్టు సరంగు అనదగిన మనిషి ఒకడు. సరంగు అంటే పడవను నడిపే పెద్ద. గట్టు సరంగు మాత్రం సమస్త నౌకావ్యవహారాన్నీ చెరువుగట్టు మీది ప్లాస్టిక్ కుర్చీలోంచే నడిపిస్తాడు. ఇతడు అరవై దాటినవాడు, చేపల చెరువులు కొడుకులకు అప్పగించినవాడు, అప్పగించాక కూడా తవుడు సంచికి ఎన్ని చిల్లులు పెట్టాలో చెప్పకుండా ఉండలేనివాడు (ఈ ప్రాంతంలో మేతను చిల్లుల సంచుల్లో నింపి, చెరువులో పాతిన కర్రలకు కడతారు). ఆ సలహాల ధాటికి తాళలేకే కొడుకులు ఇతనికి పాత మేత పడవనొకదాన్ని వదిలేసి, దానికి మోటారు కొనిపెట్టారని ఊరివాళ్ళ అభిప్రాయం. అది నిజమే కావచ్చు.

అమెరికా తూర్పు తీరంలో నార్‌ఫోక్ నుంచి మయామి దాకా సుమారు 1,090 మైళ్ళ జలమార్గం ఉందని, ఉద్యోగ విరమణ చేసినవారు చలికాలానికి సొంత మోటారు పడవల్లో దక్షిణానికి తరలిపోతారని ఇతడు ఫోన్‌లో చూశాడు. మన నాలుగో జాతీయ జలమార్గాన్ని 2008లో ప్రకటించినప్పుడు దాని పొడవు 1,078 కిలోమీటర్లు కనుక రెండూ ఇంచుమించు సమానమేనని తేల్చాడు. మైళ్ళా, కిలోమీటర్లా అన్నది ఇతని దృష్టిలో గుమాస్తాలు చూసుకోవలసిన విషయం.

తానూ అలాగే పడవలో చెన్నై వెళ్ళాలని నిశ్చయించాడు. దారి ఇతనికి కంఠతా వచ్చు. ఏలూరు కాలువలో విజయవాడ చేరి, కృష్ణ దాటి, దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువ పట్టుకుని, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో దిగితే చెన్నై వస్తుంది. ఆ కాలువ పని పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో మొదలైందని, ధాత కరువులో అడయారు, కూవం నదుల నడుమ ముక్కను కూలికి వచ్చిన ఆకలి జనం చేత తవ్వించారని, 1878లో దానికి గవర్నరు బిరుదునామం పెట్టారని చెబుతున్నంతసేపూ ఇతడు నిజంగా పండితుడే. లాకు, అంటే కాలువ మట్టం మారేచోట పడవను రెండు తలుపుల మధ్య నిలిపి, నీరు నింపో వదిలో ఎక్కించి దించే కట్టడం, ఎలా పనిచేస్తుందో రెండు స్టీలు గ్లాసులతో చూపిస్తాడు. పడవ పాత్ర రక్తపోటు మాత్రది. ప్రదర్శన ముగిసేసరికి అది కరిగిపోతుంది, ఇతని భార్య లోపలికి వెళ్ళి మరొకటి తెస్తుంది.

ఇక ప్రయాణానికి అడ్డు ముహూర్తమే. ధనుర్మాసం శూన్యమాసం. సంక్రాంతికి అల్లుళ్ళు వస్తారు, పందేలుంటాయి, కనుమనాడు కాకైనా కదలదు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర వదిలి వెళ్ళేదెవరు? అది కాగానే దాళ్వా, అంటే రెండో పంట, చేతికొస్తుంది, మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. తన బద్ధకానికి పంచాంగాన్నీ నీటిపారుదల శాఖనూ ఇంత నేర్పుగా జత కలిపినవాడు అరుదు.

ఒకసారి మాత్రం పడవ కదిలింది. ఆటపాక వైపు మురుగుకాలువలో ఫర్లాంగు దూరం పోకముందే గుర్రపుడెక్క వేళ్ళు మోటారు రెక్కలకు జడలా పెనవేసుకున్నాయి. మోటారును పైకెత్తి, తడి వేళ్ళను పాలేరు కత్తిపీటతో పోగులుగా కోస్తుండగా, సరంగు తలపాగా సర్దుకుని, బకింగ్‌హాం కాలువలో ఇటువంటి బాధ ఉండదని ప్రకటించాడు. అటవీశాఖ నిలబెట్టిన ఇనుప మంచెల మీద కాపురాలు పెట్టుకునే గూడబాతులు నాలుగు నెత్తిమీదుగా పోయాయి. వాటికి మోటారూ అక్కర్లేదు, శ్రోతలూ అక్కర్లేదు. అందుకే కాబోలు ఇతనికి అవంటే గిట్టదు.

ఇంతకీ ఇతడు ఏటా మాఘంలో చెన్నై వెళ్ళి, కూతురింట్లో నెల రోజులుండి వస్తూనే ఉన్నాడు. కాకినాడ నుంచి వచ్చే సర్కార్ ఎక్స్‌ప్రెస్ కైకలూరులో ఆగుతుంది. అరవై దాటినవారికి కింది బెర్తు కూడా దొరుకుతుంది.