నన్ను పేదవాణ్ణి చేసి, మా ఆవిణ్ణి చంపేశారు

మొన్న డాలస్ నుంచి మావాడు వాట్సాప్‌లో ఒక ఫైలు పంపాడు. "నాన్నా, మనవడి కాలేజీ వ్యాసం. చదివి ఆశీర్వదించు" అన్నాడు. కళ్ళజోడు తుడుచుకుని చదివాను. అందులో నేను తెనాలి పక్క పల్లెలో కౌలురైతుని. చెప్పుల్లేకుండా రోజూ ఎనిమిది మైళ్ళు నడిచి బడికెళ్ళాను. వీధిదీపం కింద చదువుకున్నాను. మా ఆవిడ వైద్యం అందక పోయింది. కన్నుమూస్తున్న ఆమె చెయ్యి పట్టుకుని మనవడు డాక్టరునవుతానని మాటిచ్చాడు.

నిజం మనవి చేసుకుంటాను. నేను బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాను. చేతక్ స్కూటరు మీద తిరిగాను. మా ఇంటికీ బడికీ మధ్య ఉన్నవి ఒక వేపచెట్టు, ఒక సోడాబండి. ఇక మా ఆవిడంటారా, నేను పైకి చదువుతుంటే వంటింట్లోంచి విని, "నేనెప్పుడు పోయానూ?" అంటూ అట్లకాడతో సహా బయటికొచ్చింది.

ఫోన్ చేశాను. "ఏం చెయ్యమంటావు నాన్నా, వాడికి కష్టాల్లేవు" అన్నాడు మావాడు, బిడ్డకి జ్వరం తగ్గని తండ్రిలా దిగులుగా. పిల్లాడి జీవితంలో స్ట్రగుల్ కనబడటం లేదని, వ్యాసం కోసం పెట్టుకున్న కన్సల్టెంటు తేల్చాడట. కాలికి మట్టంటకుండా పెంచామని పదహారేళ్ళు చెప్పుకున్న ఇంట్లో, పదిహేడో ఏట కష్టం కోసం బీరువాలు వెతుకుతున్నారు. సొంతానికి లేకపోతే తాత దగ్గర అరువు. తాత దగ్గరా లేకపోతే గంటకిన్ని డాలర్లని కొనుక్కోవడమే.

కామన్ యాప్ అని అక్కడి కాలేజీలకి ఉమ్మడి దరఖాస్తు. వ్యాసం 650 పదాలు దాటకూడదు. ఏడు ప్రశ్నలిచ్చి ఒకటి ఎంచుకోమంటారు. కష్టం, ఓటమి సంగతి అడిగేది వాటిలో ఒక్కటే. ఏడోదైతే నీకు తోచినదాని మీద రాసుకోమంటుంది. మనవాళ్ళ కంటికి మాత్రం ఆ కష్టమే ఆనుతుంది! ఇతరుల మాటల్నీ అనుభవాల్నీ తనవిగా చూపడం మోసమని కామన్ యాప్ నిబంధనల్లోనే ఉంది. కృత్రిమ మేధ రాసిచ్చింది తనదిగా పంపడాన్ని కూడా 2023లో అందులో చేర్చారు. అదే అడిగితే, "చాట్‌జీపీటీ వాడలేదు నాన్నా, మనిషి చేతే రాయించాం" అన్నాడు. ఎంత నిజాయితీ! డ్యూక్ విశ్వవిద్యాలయం 2024లో వ్యాసాలకి అంకెల్లో మార్కులు వెయ్యడమే మానుకుంది. మానుకోక ఏం చేస్తుంది, ఎవరికని వేస్తుంది?

దరఖాస్తులో ఆరా తియ్యడం పాత అలవాటే. 1922లో హార్వర్డ్ దరఖాస్తులో ఒక ప్రశ్న పెట్టారు: పుట్టాక నీ పేరుగానీ మీ నాన్న పేరుగానీ ఏమైనా మారిందా? యూదుల పిల్లల్ని పసిగట్టి గుమ్మంలోనే ఆపడానికి. అది దుర్మార్గం, సందేహం లేదు. కానీ ఈ కాలంలో, మీ తాత ఏమైనా మారాడా అని అడిగినా తప్పులేదనిపిస్తోంది.

తర్వాత మనవడితో విడిగా మాట్లాడాను. వాడు మొదట రాసుకున్నది వేరేనట, పంపించాడు. వాడి తెలుగు అంతంతమాత్రం. నాతో ఫోన్లో వాడనేవి మూడే ముక్కలు: తిన్నావా తాతా, వాన పడుతోందా, ఇదిగో నాన్నకిస్తున్నా. నాలుగో వాక్యం కోసం ఏడాదిగా వెతుకుతున్నానని రాశాడు. ఒకరోజు అద్దం ముందు పదిసార్లు చెప్పుకుని మరీ ఫోనందుకుంటే, వాడు నోరు తెరిచేలోపే నేను "నాన్నకివ్వరా" అన్నానట. అనే ఉంటాను. ఆ వాక్యమేమిటో వ్యాసంలో లేదు, నేనూ అడగలేకపోయాను. దాని పక్కన కన్సల్టెంటు రాసింది రెండే మాటలు: పస లేదు.

"ఇదే పంపరా" అన్నాను. 

"ఇందులో నాయనమ్మ లేదు తాతా."

"పోనీలే, చచ్చిపోలేదుగా."

గడువు నవంబరు 1. ఏది పంపాలో ఆ ఇంట్లో ఇంకా తేలలేదు. కన్సల్టెంటు గారికి మాత్రం ఒక మనవి: మా ఆవిడ బతికే ఉంది, మీ నంబరు అడుగుతోంది.